పాప చేతిలో టిన్ విజిల్, తాతగారి మనసులో వేణువు

ప్రశ్న: మేము డబ్లిన్‌లో ఉంటాం. మా పాపకి ఎనిమిదేళ్లు. ఈ ఏడాది బడిలో టిన్ విజిల్ (ఆరు రంధ్రాలుండే, నిలువుగా ఊదే సన్నటి గొట్టం) నేర్పడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే అది చేతిలోకి తీసుకుంటుంది. మా మామయ్యగారు రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో చూసి, "ఈ రేకు బూర ఏంటమ్మా, తిరునాళ్లలో అమ్మేదిలా ఉంది! ఊదాలని ఉంటే మంచి వేణువే కొనిపెట్టండి, నేను పంపిస్తాను" అన్నారు. రికార్డర్ అయితే గ్రేడు పరీక్షలుంటాయి, అది నేర్పిద్దాం అంటారు మావారు. నాకు సంగీతం బొత్తిగా తెలియదు. ఇది నిజంగా వాయిద్యమేనా? దీనికి అలవాటు పడితే రేపు వేణువు రాకుండా పోతుందా? రికార్డర్‌కీ దీనికీ తేడా ఏమిటి? ఇంకో సంగతి. పై స్వరాల దగ్గర చెవులు గింగురుమంటున్నాయి. పక్క ఫ్లాట్ వాళ్లు ఏమంటారోనని నాకు టెన్షన్. ఇంట్లో చంటివాడు కూడా ఉన్నాడు.
(పేరు రాయవద్దన్నారు)

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఏ నిర్ణయం తీసుకున్నా సరే, మీ పాప చేతిలోంచి ఆ విజిల్ మాత్రం తీసేయకండి. బూట్లు విప్పకుండా వాయిద్యం పట్టుకునే పిల్ల దొరకడం అంత తేలిక కాదు.

నాకు పదేళ్లున్నప్పుడు మా నాన్న సంతలో వెదురు వేణువు కొనిచ్చారు. మూడు వారాలు ఊదాను. బుస్సుమని గాలి పోవడమే గానీ స్వరం పలకలేదు. కాసేపటికి కళ్లు తిరిగేవి. పెదవి ఇంకాస్త లోపలికి అనాలా, వేణువు కాస్త బయటికి తిప్పాలా అన్నది చెప్పేవాళ్లు ఊళ్లో లేరు. చివరికి దాన్ని అటక మీద పెట్టేశాను. మళ్లీ దించింది పదహారో ఏట, ఒక మేష్టారు దొరికాక. మధ్యలో పోయిన ఆ ఆరేళ్ల గురించి నాకు ఇప్పటికీ బాధే. ఆ రోజుల్లో నాకు మీ పాప దగ్గరున్న విజిల్ లాంటిది దొరికి ఉంటే, పెదవులు దారికొచ్చేదాకా చెవి, వేళ్లు ఖాళీగా కూర్చునేవి కావు.

ఎందుకంటున్నానో చెప్తాను. మీరు ఒకసారి ఆ విజిల్ చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. నోట్లో పెట్టుకునే కొసన సన్నటి చీలిక ఉంటుంది, బియ్యపు గింజ దూరేంత కూడా ఉండదు. దాని పైభాగాన కొద్దిగా కిందకి వస్తే ఒక చిన్న కిటికీ. ఆ కిటికీకి అవతలి అంచు కత్తిలా పలచగా చెక్కి ఉంటుంది. పాప ఊదిన గాలి చీలికలోంచి పలచని రేకులాగా వచ్చి ఆ అంచుకి తగులుతుంది. అక్కడ గాలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊపుకి గొట్టంలోని గాలి కంపిస్తుంది. మీకు వినపడే స్వరం అదే. వేణువులో జరిగేది కూడా అచ్చంగా ఇదే. కాకపోతే వేణువులో గాలిని రేకులా పలచన చేసి, అంచుకి సరిగ్గా తగిలేలా పంపే పని పెదవులది. విజిల్‌లో ఆ పనిని దాన్ని తయారుచేసిన మనిషే ఒకసారి చేసేసి పెట్టాడు. కాబట్టి మొదటి రోజే స్వరం పలుకుతుంది.

దాని బలం అక్కడే ఉంది, లోటూ అక్కడే ఉంది. వేణువు వాయించేవాళ్లు పెదవిని రవ్వంత కదిపి స్వరాన్ని పైకీ కిందకీ జరుపుతారు. గొంతు పెంచినట్టు, తగ్గించినట్టు నాదాన్ని నింపుతారు, పలచన చేస్తారు. విజిల్‌లో పెదవులకి పనే లేదు. గట్టిగా ఊదితే స్వరం కాస్త హెచ్చుతుంది, మెల్లగా ఊదితే కాస్త తగ్గుతుంది. ఇంకా గట్టిగా ఊదితే పై స్థాయికి ఎక్కి కూర్చుంటుంది. ఉన్నదంతా ఊపిరి అదుపు, వేళ్ల పని. ఎనిమిదేళ్ల పిల్లకి నేర్చుకోవడానికి ఆ రెండూ చాలు. పైగా ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసు అది. ఈ వయసులో పెదవుల పట్టు కుదరడం కష్టం.

ఇక మామయ్యగారి మాట. ఆయన "రేకు బూర" అన్నది తప్పేమీ కాదు, అది నిజంగా రేకే. ఇంగ్లండులో సఫోక్ జిల్లా కోనీ వెస్టన్ అనే పల్లెలో రాబర్ట్ క్లార్క్ అనే ఆయన, తగరం పూత పూసిన ఇనప రేకుని చుట్టి, మూతిలో చెక్క దిమ్మ బిగించి విజిళ్లు చేశాడు. 1843లో పనిముట్లు తోపుడు బండిలో వేసుకుని మాంచెస్టర్‌కి నడిచి వెళ్లి అక్కడ వాటిని తయారు చేసి అమ్మాడని చెప్తారు. మిల్లుల్లో పనిచేసేవాళ్లు, ఐర్లండ్ నుంచి పొట్టచేతపట్టుకుని వచ్చినవాళ్లు కొనగలిగిన ధర కాబట్టి ఇంటింటికీ చేరింది. పెన్నీ విజిల్ అన్న పేరు కూడా ఉంది. క్లార్క్ పేరుతో విజిళ్లు ఇప్పటికీ వస్తున్నాయి. కింది కొసకి పోయేకొద్దీ సన్నబడే గొట్టం, గాలి కలిసిన మెత్తని నాదం. మీ పాప దగ్గరున్నది బహుశా ఇత్తడి గొట్టానికి ప్లాస్టిక్ మూతి తగిలించిన రకం అయి ఉంటుంది. అది పైనుంచి కింద దాకా ఒకే లావుగా ఉంటుంది, గొంతు ఖంగుమంటుంది.

చవకది కాబట్టి చిన్నదని అనుకోవడం ఎక్కడైనా ఉన్నదే. మీరుంటున్న దేశంలో మాత్రం దాన్ని ఎవరూ అలా చూడరు. ఐరిష్‌లో దాని పేరు ఫెడోగ్ స్టాయిన్. క్లేర్ ప్రాంతంలోని డూలిన్‌లో మైకో రస్సెల్ అనే రైతు జీవితమంతా ఆ చిన్న విజిల్ మీదే పాత బాణీలు వాయించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. మేరీ బర్గిన్ అనే ఆవిడ 1979లో తెచ్చిన విజిల్ రికార్డు, ఆ తర్వాత వాయిద్యం పట్టుకున్న వాళ్లందరికీ కొలబద్ద అయింది. ఈవిడ వాయించినది ఇవాళ రాత్రి పాప పడుకునే ముందు ఒక పావుగంట పెట్టండి. పది పదిహేను యూరోల గొట్టంలోంచి ఏమేం తీయొచ్చో మీకే అర్థమవుతుంది. అక్కడితో ఆగలేదు, దక్షిణాఫ్రికాలో 1950లలో జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల నల్లజాతి పేటల్లో కుర్రాళ్లు వీధి మలుపుల్లో నిలబడి ఇదే విజిల్ మీద క్వేలా అనే కొత్త సంగీతం పుట్టించారు. స్పోక్స్ మషియానే అందులో పెద్ద పేరు. మూతిని అడ్డంగా తిప్పి బుగ్గలోకి పెట్టుకుని వాయించేవారు, దాంతో నాదం లావుగా, కాస్త గరగరగా మారేది. ఒకే గొట్టం, రెండు ఖండాల్లో రెండు వేర్వేరు గొంతులు! ఈ సంగతి తాతగారికి పాప చేతే చెప్పించండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న, రేపు వేణువు రాకుండా పోతుందా అన్నది. పోదు. ఎందుకు పోదో కాస్త వివరంగా చెప్తాను, మామయ్యగారికి రాగాలు తెలిసి ఉంటే ఆయనకి ఇది చదివి వినిపించండి.

బడిలో ఇచ్చేది దాదాపు ఎప్పుడూ డి శ్రుతి విజిల్. మన లెక్కలో రెండు శ్రుతి. ఆరు రంధ్రాలూ మూస్తే షడ్జం, అంటే స అనుకోండి. కింది నుంచి ఒక్కొక్క వేలూ ఎత్తుకుంటూ పోతే సరిగమపదని వరసగా పలుకుతాయి. ఏ వేలూ సగం ఎత్తకుండా, ఏ మెలికా లేకుండా వచ్చే ఆ వరస మన శంకరాభరణం. మీ పాప బడిలో మొదటి వారం నేర్చుకున్నది తెలియకుండానే శంకరాభరణం ఆరోహణ! ఇంకా ఆనందం కలిగించే సంగతి ఉంది. అవే వేళ్లు, అవే రంధ్రాలు ఉంచి, షడ్జాన్ని ఒక మెట్టు పైకి జరిపి ఐదు వేళ్ల స్వరాన్ని, అంటే ఐదు రంధ్రాలు మూస్తే వచ్చేదాన్ని, స అనుకుంటే ఖరహరప్రియ స్వరాలు వస్తాయి. నాలుగు వేళ్ల స్వరం నుంచి మొదలుపెడితే తోడి, మూడు నుంచి కల్యాణి, రెండు నుంచి హరికాంభోజి, ఒక్క వేలు నుంచి నటభైరవి. మనవాళ్లు గ్రహభేదం అనేది ఇదే. స్వరాలు వచ్చినంత మాత్రాన రాగం వచ్చినట్టు కాదు, తోడిలో గాంధారం ఊగాల్సిన ఊపు ఈ చిన్న బెజ్జాల మీద పిల్లలకి రాదు. కానీ ఒకే నిచ్చెనని ఏ మెట్టు దగ్గర మొదలుపెడితే ఏ రంగు వస్తుందో ఎనిమిదేళ్ల పిల్ల వేళ్లతో తడిమి చూడగలగడం మామూలు విషయమా? నేను ఈ సంగతి పాతికేళ్లు వచ్చాక పుస్తకం చదివి తెలుసుకున్నాను.

వీటిలో మూడు వేళ్ల షడ్జం ముఖ్యమైనది. హిందుస్తానీ బన్సూరీకి ఆరు రంధ్రాలుంటాయి, అందులో మూడు మూస్తే షడ్జం, ఆరూ మూస్తే కింది పంచమం, అన్నీ తెరిస్తే ప్రతి మధ్యమం, అంటే హెచ్చు మ. డి విజిల్‌లో మూడు వేళ్ల స్వరాన్ని స అనుకుని వాయిస్తే వేళ్ల లెక్క సరిగ్గా అదే. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద, అది కూడా అంతే. అంటే రేపు పాప బన్సూరీ పట్టుకుంటే వేళ్లు మళ్లీ నేర్చుకోవాల్సిన పనిలేదు, పెదవుల పాఠం ఒక్కటే మిగులుతుంది. ఆరు వేళ్ల షడ్జంతో ఇంకో చిక్కు కూడా ఉంది, స కంటే కిందికి దిగడానికి స్వరాలే ఉండవు. మన పాటల్లో మంద్ర స్థాయి (కింది స్థాయి) నిషాదం, ధైవతం తరచుగా తగులుతాయి. అలాంటివి ఎత్తుకున్నప్పుడు మూడు వేళ్ల షడ్జానికి మారితే పంచమం దాకా దిగొచ్చు.

మన కర్ణాటక వేణువు సంగతి కాస్త వేరు. నోటి రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి, షడ్జం చోటు మారుతుంది, వేళ్ల లెక్క మారుతుంది. వేణు విద్వాంసులు మాలిగారు (టి.ఆర్. మహాలింగం) లాంటి మహానుభావులు గొంతులో పలికే గమకమంతా వేణువులో పలికించింది వేళ్లని సగం సగం జరుపుతూ, పెదవిని కలిపి. అదంతా గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య. విజిల్ వల్ల అది చెడదు. ఒక భాష వచ్చిన పిల్ల రెండో భాష త్వరగా నేర్చుకుంటుంది, మీ పాప ఇప్పటికే ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఐరిష్ నడుపుకొస్తోంది కదా.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మన సంగీతం ఇక్కడే మొదలుపెట్టిద్దామని ఎవరైనా విజిల్ మీద మాయామాళవగౌళ సరళీ వరసలు చెప్పిస్తామంటే వద్దనండి. ఆ రాగానికి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం, అంటే తగ్గు రి, తగ్గు ద కావాలి. ఆ రెండూ ఈ విజిల్‌లో రంధ్రం సగం మూస్తే తప్ప శుభ్రంగా రావు. కింది బెజ్జం అసలే చిన్నది, దాన్ని చిన్న ఉంగరపు వేలితో సరిగ్గా సగం మూయడం పెద్దవాళ్లకే చెమటలు పట్టిస్తుంది. పిల్ల విసుగెత్తి వాయిద్యాన్నే పక్కన పెట్టేస్తుంది. సరళీ వరసలు గొంతుతో పాడించండి. విజిల్ మీద మోహనం, హంసధ్వని చెప్పించండి. రెండింటికీ సగం వేలు అవసరం లేదు. ఫోన్‌లో తంబూరా యాప్ ఉంటుంది, దాన్ని డి శ్రుతికి పెట్టి, మోహనంలో పిల్లలకి మొదట నేర్పే గీతం ఏదైనా మెల్లగా పలికించండి. గొంతుతో పాడింది వేళ్లలోకి రావడం పాపకి ఒక్కసారి తెలిసిందంటే ఇక మీరు చెప్పనవసరం లేదు.

ఐరిష్ వాళ్లు నేర్పే తీరు కూడా మనకి కొత్త కాదు. పుస్తకం చూసి కాదు, విని నేర్చుకోవాలంటారు. మేష్టారు ఒక ముక్క వాయిస్తారు, పిల్లలు తిరిగి వాయిస్తారు, అలా పాటంతా చెవిలోంచి వేళ్లలోకి దిగుతుంది. మన గురుముఖం పద్ధతే. వాళ్ల అలంకారాల్లో ఒకటి స్ట్రైక్. స్వరం పలుకుతుండగా కింది రంధ్రం మీద వేలితో టక్కుమని కొట్టి తీస్తారు, కింది స్వరం రెప్పపాటు మెరిసి మాయమవుతుంది. మన జంట వరసల్లో ససరిరి అన్నప్పుడు రెండో స్వరాన్ని కింది నుంచి తాకి నొక్కే స్ఫురితానికి అది దగ్గరి చుట్టం. పై వేలు ఎత్తి దించేది కట్, వేలిని మెల్లగా జరిపి స్వరం మీదకి జారేది స్లైడ్, అంటే మన జారు. మీ పాప బడిలో ఇవి నేర్చుకుని వచ్చినప్పుడు తాతగారి చేత జంట వరసలు పాడించి పక్కపక్కన వినిపించండి. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

రికార్డర్ గురించి మీవారు చెప్పినదాంట్లో నిజం ఉంది. అది కూడా చీలికలోంచి ఊదేదే, విజిల్‌కి సొంత అక్క లాంటిది. తేడా రంధ్రాల్లో ఉంది. విజిల్‌కి ముందు వైపు ఆరు, అంతే. రికార్డర్‌కి ముందు ఏడు, వెనక బొటనవేలికి ఒకటి. విజిల్‌లో పై స్థాయికి పోవాలంటే గట్టిగా ఊదాలి. రికార్డర్‌లో బొటనవేలి రంధ్రాన్ని కొద్దిగా తెరవాలి, ఊపిరి పెద్దగా పెంచనక్కర్లేదు. ఆ ఎక్కువ రంధ్రాల వల్ల, అడ్డదిడ్డంగా వేళ్లు పెట్టే లెక్కల వల్ల పన్నెండు స్వరస్థానాలూ శుభ్రంగా పలుకుతాయి. బాక్, వివాల్డీ లాంటి పాతకాలపు పాశ్చాత్య స్వరకర్తలు దానికోసమే రాసిన సంగీతం ఉంది, గ్రేడు పరీక్షలున్నాయి, కాగితం చూసి వాయించే చదువు ఉంది. పాశ్చాత్య సంగీతం బడి చదువులా నేర్పించాలనుకుంటే రికార్డర్ మంచిదే.

కానీ జారుళ్లు, వేళ్ల విరుపులు, గలగలా పరిగెత్తే నాట్యపు బాణీలు విజిల్‌లో వచ్చినంత హాయిగా రికార్డర్‌లో రావు. బొటనవేలు వెనక కాపలా కాస్తుండగా మిగతా వేళ్లకి అంత స్వేచ్ఛ ఉండదని నాకు అనిపిస్తుంది. పైగా చుట్టూ పిల్లలందరూ విజిల్ వాయిస్తున్న ఊళ్లో మీ పాప ఒక్కతే రికార్డర్ పట్టుకుని ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చదు. ఇప్పుడు నేర్చుకున్నది వృథా కూడా కాదు. బడి పిల్లలు వాడే సి శ్రుతి సొప్రానో రికార్డర్‌లో, వెనక బొటనవేలు మూసి ఉంచి చూస్తే, ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు వేళ్ల స్వరాలు విజిల్‌లో ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి. నాలుగో వేలి దగ్గర మాత్రం లెక్క మారుతుంది. పదేళ్లకో పదకొండేళ్లకో మొదలుపెట్టినా సగం దారి నడిచేసినట్టే. మీవారికి ఈ మాట చెప్పండి, పరీక్షలకి తొందర లేదు.

మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పను. ఐరిష్ చెక్క ఫ్లూట్‌కి విజిల్‌కి వేళ్ల లెక్క ఒకటే, ఊదేది మాత్రం వేణువులా అడ్డంగా. విజిల్ బాగా వచ్చాక చాలామంది దానికే మారతారు. లో విజిల్ అని ఒకటుంది, రెండడుగుల పొడుగు, ఒక స్థాయి కింద పలుకుతుంది. 1970లలో బెర్నార్డ్ ఓవర్టన్ అనే ఆయన ఫిన్బర్ ఫ్యూరీ అనే వాద్యకారుడి కోసం అల్యూమినియం గొట్టంతో చేసినది ఇప్పుడు అంతటా వ్యాపించింది. దాని నాదం వింటే మనసు ఎక్కడికో వెళ్లిపోతుంది, కానీ పాప వేళ్లు ఇంకా అంత దూరం సాగవు. మన సన్నాయి, క్లారినెట్ లాంటివి వేరే వంశం, వాటిలో పలికేది మూతిలో బిగించే పుల్ల (రీడ్), వాటి సంగతి ఇప్పుడు వద్దు.

చెవులు గింగురుమనడం గురించి. మీ తప్పూ లేదు, పాప తప్పూ లేదు. ఆ విజిల్ అడుగు స్వరమే దాదాపు 587 హెర్ట్జ్, పై స్థాయి చివరికి వెళ్లేసరికి అది నాలుగింతలవుతుంది. టైల్స్ ఉన్న గదిలో అది గోడలకి కొట్టుకుని మళ్లీ మీ చెవిలోకే వస్తుంది. బట్టల బీరువా, కర్టెన్లు, పరుపు ఉన్న గదిలో వాయించమనండి. ఆ తేడా మీకు వెంటనే తెలుస్తుంది. చంటివాడు పడుకున్న వేళ అయితే కిటికీ పక్క అంచుని కొంచెం మూసేలా చిన్న టేపు ముక్క అంటించండి. పలచటి కత్తి అంచుని మాత్రం తాకకూడదు. శబ్దం బాగా తగ్గుతుంది, వేళ్ల సాధన ఆగదు. కొంత డబ్బు పెట్టగలిగితే బి ఫ్లాట్ శ్రుతి విజిల్ ఇంకొకటి కొనండి. వేళ్లు అవే, గొంతు కాస్త కిందిది, ఇంట్లో వినడానికి మెత్తగా ఉంటుంది. బడికి మాత్రం డి విజిలే తీసుకెళ్లాలి.

అలా కాకుండా అడుగు స్వరాలు వాయిస్తుంటే ఉన్నట్టుండి కీచుమంటే కారణం వేరు. నూటికి తొంభై సార్లు అది వేలి సందు. పాపని ఆరు రంధ్రాలూ మూసి కాసేపు గట్టిగా నొక్కి పట్టుకోమని, తర్వాత చేతులు తిప్పి చూడండి. ప్రతి వేలి మెత్త మీద గుండ్రంగా గాజులాంటి ముద్ర పడి ఉండాలి. కుడి ఉంగరపు వేలి మీద ముద్ర సగమే ఉంటుంది, లేదా వేలి కొసకి జారిపోయి ఉంటుంది, చూడండి. గాలి అక్కడే కారుతోంది. వేళ్లని కొసలతో కాకుండా మెత్తలతో చదునుగా ఆనించమనండి. తర్వాత రోజు మళ్లీ గాజులు లెక్కపెట్టండి. మా ఇంట్లో పిల్లలకి ఇది ఆట అయిపోయింది, ఆరు గాజులు పడితేనే అడుగు స్వరం ఊదనిచ్చేవాడిని. వేళ్లు సరిగ్గా ఉన్నా కీచుమంటోందంటే మరీ గట్టిగా ఊదుతోందన్నమాట. అడుగు స్వరానికి వేడి పాలు చల్లార్చేటప్పుడు ఊదేంత గాలి కూడా అక్కర్లేదు.

పావుగంట వాయించాక గొంతు బొంగురుపోయి ఆగిపోతే అది చీలికలో చేరిన తేమ. కిటికీ మీద వేలు పెట్టి మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే పోతుంది. మీ ఊళ్లో చలి ఎక్కువ కాబట్టి వాయించే ముందు మూతిని రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరిస్తే తేమ తక్కువ చేరుతుంది, శ్రుతి కూడా నిలుస్తుంది. నేనొకసారి ఒక దుకాణంలో కొన్న విజిల్ ఏం చేసినా పై స్థాయిలో రెండు స్వరాలు పలికేది కాదు. నా ఊపిరే బాలేదనుకుని నెల రోజులు కుస్తీ పట్టాను. చివరికి చూస్తే అచ్చులో పోసిన ప్లాస్టిక్ అంచు మీద చిన్న ముక్క మిగిలిపోయి ఉంది. చవక విజిళ్లలో ఇలాంటివి తగులుతాయి. పాప ఎంత ప్రయత్నించినా ఒకే స్వరం మొండికేస్తే బడిలో మేష్టార్ని ఒకసారి వాయించి చూడమనండి. ఆయనకీ పలకకపోతే వేరేది కొనేయండి, పిల్లని మాత్రం అనకండి.

తాతగారు వేణువు పంపిస్తానన్నారు కదా, పంపమనండి. వద్దంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. గోడకి ఆనించి పాప కంటికి కనపడే చోట పెట్టండి, మూలన పెట్టొద్దు. ఎప్పుడైనా తనంతట తనే తీసి ఊదితే ఊదనివ్వండి, పలకకపోతే పలకలేదని నవ్వకండి. పదేళ్లు దాటాక అరచెయ్యి పెరుగుతుంది, అప్పటికి డబ్లిన్‌లోనో ఆన్‌లైన్‌లోనో గురువుని వెతకండి. వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి వాయించాలని చూడకండి, మాట ఆలస్యంగా చేరడం వల్ల తాళం కుదరదు, ఇద్దరికీ చిరాకు వస్తుంది. పాప మోహనంలో నాలుగు వరసలు వాయించి ఆడియో పంపితే, ఆయన అవే వరసలు పాడి తిరిగి పంపమనండి. మీ ఇంట్లో రెండు శ్రుతి, ఆయన ఇంట్లో కూడా రెండు శ్రుతే పెట్టుకోవాలని చెప్పడం మాత్రం మరిచిపోవద్దు.